బెసలేలుకు దేవుడిచ్చిన జ్ఞానం



దేవుడు తానే పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానని చెప్పిన మొదటి మనిషి ఎవరని అడిగితే మనలో చాలామంది మోషే అనో అహరోను అనో అంటాం. యోసేపులో దేవుని ఆత్మ ఉందని చెప్పినవాడు ఫరో. దేవుడే స్వయంగా ఆ మాట చెప్పింది ఒక పనివాని గురించి. అతడు యూదా గోత్రికుడైన బెసలేలు (నిర్గమ 31:1-5). బంగారం, వెండి, ఇత్తడి పని, రత్నాలు సానబెట్టడం, చెక్క మీద చెక్కడం అతనికి అప్పగించిన పరిచర్య. అతనికి తోడుగా దాను గోత్రం నుండి అహోలీయాబును దేవుడే నియమించాడు.

అక్కడ ‘జ్ఞానం’ అని మనం చదివే మాటకు హెబ్రీలో ‘హోఖ్మా’ అని ఉంది. సామెతల గ్రంథంలో యెహోవాయందు భయభక్తులతో మొదలయ్యే జ్ఞానానికీ ఇదే మాట. చేతిపనిలో నేర్పు వేరు, ఆత్మీయ జ్ఞానం వేరు అని మనం గీసుకున్న గీత ఆ భాషలో కనబడదు.

అయితే నేర్పు ఉన్నచోటల్లా జ్ఞానం ఉంటుందా? మోషే కొండమీద ఈ మాటలు వింటున్న రోజుల్లోనే కింద పాళెంలో అహరోను పోగర పట్టి దూడను చేస్తున్నాడు (32:4). ఐగుప్తునుండి వచ్చిన బంగారమే రెండు పనులకూ వాడారు. పనితనంలో లోటు ఉందని వాక్యం చెప్పదు. అహరోను దేవుణ్ణి అడగలేదు, జనం అడిగింది చేసిపెట్టాడు. లోపం అక్కడుంది.

ఈ మాట రాస్తూ మేమూ కొంచెం ఆగాం. పాట రికార్డు చేసి పెట్టాక ఎంతమంది చూశారని గంటకోసారి ఫోను తీసి చూసుకోవడం, క్రిస్మస్ ఆరాధనలో సోలో ఎవరు పాడాలన్న తగువు, కీబోర్డు దగ్గరికి మరొకరిని రానివ్వకపోవడం మనకు తెలియనివి కావు. పైనుండి వచ్చే జ్ఞానం సమాధానకరమైనదని, మత్సరం, వివాదం ఉన్నచోట ఉన్నది ఆ జ్ఞానం కాదని యాకోబు తేల్చి చెప్పాడు (3:14-17). జ్ఞానం కొదువగా ఉంటే దేవుణ్ణి అడగమన్నదీ ఆయనే (1:5). గాయక బృందం సాధనకు ముందు చేసే ప్రార్థనలో గొంతు బాగుండాలని అడుగుతాం గాని, ఈ పాట ఎవరికోసం పాడుతున్నామో గ్రహించే జ్ఞానం ఎప్పుడైనా అడిగామా?

బెసలేలుకు ఇచ్చిన వాటిలో మనం తరచుగా దాటిపోయేది మరొకటుంది. ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడు అతని హృదయంలో పుట్టించాడు (35:34). తబలా వాయించే పెద్దాయన పక్కన ఈ ఏడాది ఒక కుర్రవాడు కూర్చున్నాడా? 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి తనకున్న కవిత్వాన్ని ప్రభువుకు సమర్పించి కీర్తనలు రాశారు. ఆయన పోయి వందేళ్లు దాటినా మన సంఘాలు వాటిని పాడుకుంటున్నాయంటే, ప్రతి తరంలో ఎవరో ఒకరు ఆ రాగాలు కూర్చుని పిల్లలకు నేర్పారు గనుకనే.

ఇక స్త్రీల మాట. జ్ఞానహృదయం గల స్త్రీలు తమ చేతులతో నూలు వడికారు, మేకవెండ్రుకలు వడికారు (35:25, 26). మేకవెండ్రుకలు వడకడం చూడముచ్చటైన పని కాదు. కానీ మందిరం మీది గుడారం ఆ బట్టతోనే అయింది. మన సంఘంలో సండే స్కూలు చార్టులు గీసే అక్క, నాటికకు బట్టలు కుట్టే టైలరు, బల్లలు బాగుచేసే వడ్రంగి వరాలు గలవారి లెక్కలోకి వస్తున్నారా? మైకు పట్టినవారి పేరే ప్రకటనల్లో వినబడుతుంది.

పని ముగిసినప్పుడు మోషే ఆ పని అంతా చూశాడు. యెహోవా ఆజ్ఞాపించినట్టే చేశారని కనుగొని, ఆ పనివారిని దీవించాడు (39:43).