ఆటలో అరటిపండు

పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుడి కథ బొంగరాలాట దగ్గర మలుపు తిరుగుతుంది. బొంగరం వెళ్లి ఒక స్త్రీ కాలికి తగలడం, ఆమె ఎత్తిపొడుపుకి కుర్రవాడు కారెంపూడి రణరంగానికి బయల్దేరడం పల్నాట అందరికీ తెలిసిందే. కథ వీరుణ్ణి గుర్తుపెట్టుకుంది గానీ, బొంగరానికి తాడు చుట్టడమే ఎంతకీ రాని పిల్లవాణ్ణి పట్టించుకోలేదు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బొత్తాం కాజాలో దూరదు, బంతి చేతిదాకా వచ్చి జారిపోతుంది, అక్షరం గీత దాటుతుంది. తెలివికి లోటుండదు, కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి. బడి ఈడు పిల్లల్లో నూటికి అయిదారుగురు ఇలా ఉంటారని వైద్యుల అంచనా. 1962లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వీళ్ల గురించి సంపాదకీయం రాసింది. మన వీధులకు మాత్రం వీళ్లు ఎప్పటినుంచో తెలుసు; వీళ్ల కోసం ఒక హోదా కూడా ఉంది. అదే ఆటలో అరటిపండు.

ఈ మాటను ఇప్పుడు ఎగతాళికే వాడుతున్నాం కాబట్టి దాని అసలు పని మరిచిపోయాం. అరటిపండు అవుటవడు, వాడి తప్పు జట్టు లెక్కలోకి రాదు, అయినా వాడి వంతు వాడికి వస్తుంది. అంటే ఓటమి భయం లేకుండా, అందరూ ఆడే ఆటనే పదేపదే ఆడతాడు. ఆటల్లోనే మెట్లూ ఉన్నాయి. అచ్చనగాయల్లో ముందు ఒక్కో కాయ, తర్వాత రెండేసి, ఆపైన మూడేసి ఏరాలి. తొక్కుడుబిళ్లలో ఒక గడి దాటితేనే తర్వాతి గడి. ఇలాంటి పిల్లలకు విడి కసరత్తులకంటే వాళ్లకు కావలసిన పనినే ముక్కలు చేసి నేర్పడం మేలని 2019 నాటి అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలూ చెబుతున్నాయి.

బడి దీనికి ఎదురుదారి పట్టింది. మద్రాసు రాజధానిలో, గుంటూరు జిల్లాతో సహా, వ్యాయామమంటే చాలాకాలం డ్రిల్లే. అది సైన్యం నుంచి వచ్చింది. వరుస చెదరకపోవడమే దాని గురి. అడుగు తప్పినవాడు వరుసకు మచ్చ. అమెరికా నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసు వైఎంసీఏలో వ్యాయామ శిక్షణ పాఠశాల పెట్టి, ఉపాధ్యాయులను కవాతు నుంచి ఆటల వైపు తిప్పాడు. అది పెద్ద మార్పే. కాకపోతే ఆటలు పోటీలయ్యాయి, పోటీలు జట్టు ఎంపికలయ్యాయి. డ్రిల్లులో చివరి వరుసలో నిలబడ్డవాడు ఇప్పుడు గట్టు మీద కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు పీఈటీ అయ్యాక కూడా వాడి చోటు మారలేదు.

వీధిని మరీ పొగుడుతున్నానని అనవచ్చు. నిజమే, అరటిపండును వెక్కిరించారు; ఆడపిల్లల ఆటలు వేరు, కొన్ని వాడల పిల్లలకు ఆటలోనే చోటు లేదు. ఆ పాత వీధి తిరిగి రావాలని ఎవరూ కోరరు. నేను తీసుకోమంటున్నది దాని నియమాన్ని మాత్రమే. పత్తీ మిర్చీ పండే చోట ఇంకో మాటా వినిపిస్తుంది: పొలం పనిలో పడితే చేతివాటం అదే వస్తుందని. పత్తితీతకు కూలి కిలోల లెక్కన ఇస్తారు. నెమ్మది చేతికి అక్కడ దక్కేది తక్కువ కూలే. తప్పు చేస్తూ నేర్చుకునే తీరిక ఏ చేలోనూ లేదు, ఆ తీరిక ఇవ్వగలిగింది బడి ఒక్కటే.

చట్టం ఇక్కడ సగం దూరం వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాల నిర్వచనంలో డిస్‌ప్రాక్సియా అని, అంటే ఈ పిల్లల ఇబ్బందికే ఉన్న వైద్యుల మాటను, చేర్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉంది, అయితే అక్కడికి చేరేది ఎక్కువగా పైకి కనిపించే వైకల్యమే. బంతి జారవిడిచేవాణ్ణి మందకొడి అని బడిలోనే వదిలేస్తారు. ఇక 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామ బోధకుణ్ణి మాత్రం నూరుమందికి పైగా పిల్లలున్న ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పార్ట్‌టైమ్‌గా కేటాయించింది. ఇబ్బంది బయటపడేదేమో ఒకటి నుంచి అయిదు తరగతుల్లోపే.