గడువు నుంచి వెనక్కి

చేయాల్సిన పనుల జాబితా రాసుకునే యాప్‌లలో చాలావాటికి గడువు తేదీయే ప్రధానం. మొదలుపెట్టాల్సిన తేదీ మాత్రం గడువు నుంచి వెనక్కి లెక్కకడితేనే తేలుతుంది. అమెరికాలో 1957లో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ రూపొందించిన క్రిటికల్ పాత్ పద్ధతి చేసింది ఇదే. ఏ పని తర్వాత ఏది, దేనికెన్ని రోజులు అన్నది చెబితే, ప్రతి పనినీ ఎంత త్వరగా మొదలుపెట్టవచ్చో, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదో రెండూ తేలుతాయి. ఆ రెంటి మధ్య వెసులుబాటు లేని పనులే మొత్తం గడువును శాసిస్తాయి. మిగతావాటికి హడావుడి అక్కర్లేదు. నా దృష్టిలో దీని అసలు గొప్పతనం అదే. పట్టే కాలమే ఊహ అయినప్పుడు లెక్కకు విలువేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. పొలారిస్ క్షిపణి కోసం 1958లో అమెరికా నౌకాదళం తెచ్చిన పెర్ట్ పద్ధతి ఒక్క అంచనా బదులు మూడు తీసుకుంది: అన్నీ కలిసొస్తే, మామూలుగా సాగితే, అన్నీ ఎదురుతిరిగితే. ఊహను దాచకుండా లెక్కలోకే తెచ్చింది.