డిస్కు మనది, తాళంచెవి వాళ్లది

డీవీడీ 1996లో జపాన్ మార్కెట్లోకి వచ్చేనాటికే హాలీవుడ్ స్టూడియోలు పట్టుబట్టి దానికి సీఎస్ఎస్ అనే తాళం వేయించాయి. దీంతో సినిమా డేటాను 40 బిట్ల సంకేతంతో గజిబిజి చేస్తారు. దాన్ని విప్పే తాళంచెవులు లైసెన్సు తీసుకున్న ప్లేయర్ తయారీదారులకే ఇస్తారు. టీవీ పక్కన ప్లేయర్ పెట్టుకున్నవారికి ఈ సంగతి తెలియనే లేదు. చిక్కంతా కంప్యూటర్‌తోనే. విండోస్‌కు లైసెన్సున్న సాఫ్ట్‌వేర్ దొరికేది, లైనక్స్‌కు దొరకలేదు. డిస్కూ డ్రైవూ రెండూ డబ్బు పెట్టి కొన్నవే అయినా సినిమా ఆడేది కాదు.

1999 అక్టోబరులో ఆ తాళం ఊడింది. ఒక విండోస్ ప్లేయర్‌లో సరిగా దాచని తాళంచెవి దొరకడంతో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రాం బయటికొచ్చింది. దాని వెనకున్న ముగ్గురిలో పేరు బయటపడింది నార్వే కుర్రాడు జాన్ లెక్ యోహాన్సెన్‌ది. అప్పటికి అతనికి 15 ఏళ్లు. ఆ ప్రోగ్రాంను పంచిపెట్టడం 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏకు విరుద్ధమని న్యూయార్క్ జడ్జి లూయిస్ కాప్లాన్ 2000లో తీర్పిచ్చారు. నార్వే కోర్టులు మాత్రం 2003లో రెండుసార్లూ యోహాన్సెన్‌ను నిర్దోషిగా తేల్చాయి. సొంత డబ్బుతో కొన్న డిస్కును తనకు వీలైన పద్ధతిలో చూసుకోవడం నేరం కాదన్నాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా న్యాయమైన మాట అదే. ఎందుకంటే ఫ్యాక్టరీలో డిస్కును ఉన్నదున్నట్టు అచ్చుగుద్దే దొంగకు తాళం తీయాల్సిన పనే లేదు, డిస్కుతోపాటు తాళం కూడా అచ్చవుతుంది. అది అడ్డుపడేది కొన్నవాళ్లకే.

ఇక రీజియన్ కోడ్, అంటే ఏ ప్రాంతపు డిస్కు ఆ ప్రాంతంలోనే ఆడేలా పెట్టిన అంకె. అమెరికాది 1, భారత్‌ది 5. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన హాలీవుడ్ డిస్కును ఇక్కడి కంప్యూటర్లో పెడితే రీజియన్ మార్చమని తెరపై ఒక పెట్టె అడిగేది, ఇంకా ఎన్నిసార్లు మార్చుకోవచ్చో ఆ పెట్టెలోనే అంకె కనిపించేది. 2000 నుంచి వచ్చిన డ్రైవుల్లో ఆ అవకాశం 5 సార్లే. అంకె సున్నాకు వచ్చిందంటే డ్రైవు చివరి రీజియన్‌కే కట్టుబడిపోతుంది.

2006లో బ్లూ-రే ఏఏసీఎస్ అనే మరింత గట్టి తాళంతో వచ్చింది. బయటపడిన తాళంచెవులను రద్దు చేసే ఏర్పాటు ఇందులో ఉంది. 2007లో అలా రద్దు చేసినప్పుడు ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకోని కొనుగోలుదారుల దగ్గర కొత్త డిస్కులు ఆడలేదు. తాళం తీసినవాళ్ల తప్పుకు డబ్బు కట్టినవాళ్లు ఇబ్బంది పడ్డారు.

తర్వాత 4కే బ్లూ-రే కంప్యూటర్లో అధికారికంగా ఆడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు. 11వ తరం నుంచి ఇంటెల్ తన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎస్‌జీఎక్స్‌ను తీసేసింది. డిస్కులు కొని దాచుకున్నవాళ్లు కొత్త యంత్రం కొన్నా, వాటిని చూడటానికి 10వ తరందో అంతకన్నా పాతదో ఒకటి పారేయకుండా ఉంచుకోవాల్సి వచ్చింది.