ఫన్ ఫ్లై

ఫన్ ఫ్లై అనునది రేడియో ద్వారా నియంత్రించే నమూనా విమానాల సంఘాలు తమ సభ్యుల కొరకు జరుపుకొనే స్నేహపూర్వక పోటీ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ సంఘాలు సాధారణంగా వేసవి సెలవుదినాలలో దీనిని పిక్నిక్‌తో కలిపి నిర్వహిస్తాయి. సభ్యులు కుటుంబాలతో సహా తమ మైదానానికి చేరి, మన వనభోజనాల వలె కలిసి భుజించి, మధ్యమధ్య విమానాలు ఎగురవేస్తారు. ఇందులో పెద్ద బహుమతులు ఉండవు. నిన్నమొన్న నేర్చుకొన్న వ్యక్తి కూడా అనుభవజ్ఞునిపై గెలిచే అవకాశం ఉండేటట్లు ఆటలను రూపొందించడం దీని ముఖ్య లక్షణం. ఆటలో ఎంత వెసులుబాటు ఉన్నా భద్రతా నియమాలలో మాత్రం సడలింపు ఉండదు.

చరిత్ర

అమెరికాలో నమూనా విమాన క్రీడకు జాతీయ సంస్థ అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్. ఇది 1936లో ఏర్పడింది. దీని ప్రధాన కేంద్రం ఇండియానా రాష్ట్రంలోని మన్సీ నగరంలో ఉన్నది. 1937లో డెట్రాయిట్‌లో జరిగిన జాతీయ పోటీలలో రేడియో నియంత్రణ విభాగంలో చెస్టర్ లాంజో విజేతగా నిలిచాడు. ఆ తరువాతి సంవత్సరాలలో మిషిగన్ రాష్ట్రంలోని కాలమజూకు చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు తాము నిర్మించిన "గఫ్" విమానంతో ప్రసిద్ధులయ్యారు. ఆ విమానాన్ని 1960లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు అప్పగించారు.

ఆ రోజులలో రేడియో పరికరాలను అభిరుచి గలవారు స్వయంగా తయారు చేసుకొనేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చిన పిదప పరికరాల బరువు, ధర తగ్గి, సామాన్య కుటుంబాలకు చెందినవారు కూడా సంఘాలలో చేరసాగారు. జాతీయ పోటీలకు అవసరమైన ఖరీదైన విమానాలు, కఠోర సాధన అందరికీ సాధ్యం కావు. అట్టివారు కూడా పాల్గొనగల పోటీలుగా ఫన్ ఫ్లైలు ఆదరణ పొందాయి.

విమానం

సంప్రదాయ నమూనా విమానాలను తేలికైన బాల్సా కర్రతో చేసి, పైన పలుచని పొర అతికిస్తారు. నురుగు పదార్థంతో చేసిన విమానాలు నేడు విరివిగా లభిస్తున్నాయి. నేలపై నిలిచిన వ్యక్తి చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుండి వచ్చే సంకేతాన్ని విమానంలోని రిసీవర్ గ్రహించి, సర్వోలు అనే చిన్న మోటార్లకు అందిస్తుంది. సర్వోలు రెక్కల వెనుక అంచులను, తోకలోని కదిలే భాగాలను తిప్పుతాయి. చిన్న ఇంజన్లలో వాడే ఇంధనం మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనెల మిశ్రమం. ఈ కందెనగా ఆముదాన్ని కూడా వాడతారు. ఇటీవలి దశాబ్దాలలో లిథియం బ్యాటరీతో నడిచే విద్యుత్ మోటార్లు ఎక్కువయ్యాయి.

పోటీలు

ఏ ఆటలు ఆడాలో ఆయా సంఘాలే నిర్ణయించుకొంటాయి. తరచుగా కనిపించేవి:

* గురి దిగుట: నేలపై గీసిన వృత్తం మధ్యకు ఎంత దగ్గరగా విమానాన్ని దించితే అన్ని ఎక్కువ మార్కులు.
* ఇంజను ఆపి దిగుట: కొంత ఎత్తులో ఇంజనును ఆపివేసి, జారుతూ వచ్చి రన్‌వేపై దిగాలి. మళ్ళీ పైకి లేచే అవకాశం లేనందున ఎత్తును, గాలిని ముందే అంచనా వేయాలి.
* లింబో: రెండు కర్రల మధ్య కట్టిన రిబ్బను క్రింద నుండి విమానాన్ని పోనీయాలి. రిబ్బను తగిలితే తెగిపోయేంత పలుచనిది.
* బుడగలు పగులగొట్టుట: నేలలో పాతిన సన్నని పుల్లలకు కట్టిన బుడగలను విమానంతో పగులగొట్టాలి.
* పిండి సంచి జారవిడుచుట: విమానం నుండి చిన్న పిండి పొట్లాన్ని గురిచూసి వదలాలి. విమాన వేగం వలన పొట్లం ముందుకు సాగుతూ పడుతుంది కనుక గురి రాకముందే వదలవలసి ఉంటుంది.
* కాగితపు తోకల యుద్ధం: ప్రతి విమానం వెనుక పొడవాటి కాగితపు పట్టీ కడతారు. ఎదుటివారి పట్టీని తెంపి, తనది కాపాడుకోవాలి.
* కాలం అంచనా: గడియారం చూడకుండా, ఉదాహరణకు సరిగ్గా రెండు నిమిషాలు ఎగిరి దిగాలి. నిర్ణీత సమయానికి దగ్గరగా దిగినవారే విజేత.
* పేకముక్కల ఆట: దిగిన ప్రతిసారీ ఒక ముక్క తీయాలి. చివరకు మంచి ముక్కలు చేరినవారు గెలుస్తారు.

చివరి రెండు ఆటలలో ఖరీదైన విమానం వలన ప్రయోజనమేమీ లేదు. అందువలన కొత్త సభ్యులు ధైర్యంగా పాల్గొంటారు. కొన్ని సంఘాలు విమానం నుండి పిల్లలకు మిఠాయిలు జారవిడుస్తాయి. విమానం దిగి ఇంజను ఆగేవరకు పిల్లలను గీతకు వెనుకనే నిలుపుతారు.

భద్రత

కొద్ది కిలోల బరువుండే విమానం కూడా వేగంగా వచ్చి తాకితే ప్రాణాపాయం కలుగవచ్చు. తిరిగే ప్రొపెల్లర్ వేళ్ళను కోయగలదు. అందుచేత నడిపేవారు ఒకే వరుసలో నిలిచి, విమానాలను తమ ముందు భాగంలోనే నడపాలి. ప్రేక్షకుల మీదుగా ఎగురవేయరాదు. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు ఆ మాట బిగ్గరగా చెప్పాలి.

పూర్వం అన్నింటికంటె పెద్ద ప్రమాదం రేడియో ఛానెల్ విషయంలో ఉండేది. అమెరికాలో నమూనా విమానాలకు 72 మెగాహెర్ట్జ్ పట్టీలో 11 నుండి 60 వరకు సంఖ్యలు గల 50 ఛానెళ్ళు ఉన్నాయి. ఒక ఛానెల్‌పై విమానం ఎగురుతుండగా మరొకరు అదే ఛానెల్‌పై ట్రాన్స్‌మిటర్ మీట నొక్కితే, మొదటి విమానం అదుపు తప్పి కూలిపోతుంది. దీని నివారణకు మైదానంలో ఒక పలక ఉంచి, ఛానెల్ సంఖ్య వ్రాసిన బట్టల క్లిప్పులను దానిపై అమర్చేవారు. తన ఛానెల్ క్లిప్పు చేతికి రానిదే ఎవరూ ట్రాన్స్‌మిటర్‌ను వెలిగించరాదు. నెలల తరబడి శ్రమించి చేసిన విమానం తోటి సభ్యుని జ్ఞాపకశక్తిపై ఆధారపడి ఉండేది. 2000 దశాబ్ది మధ్యలో వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలలో ప్రతి రిసీవర్ తనకు జతచేసిన ట్రాన్స్‌మిటర్‌నే గుర్తిస్తుంది. దీనితో ఆ భయం చాలావరకు తొలగింది.

చట్టాలు

డ్రోన్ల సంఖ్య పెరగడంతో నమూనా విమానాలు కూడా చట్ట పరిధిలోకి వచ్చాయి. అమెరికాలో 2018 చట్టం ప్రకారం వినోదానికి ఎగురవేసేవారు గుర్తింపు పొందిన సంస్థ భద్రతా నియమాలను పాటించాలి, విమానాన్ని కంటికి కనిపించే దూరంలోనే నడపాలి, పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. నియంత్రణ లేని గగనతలంలో 400 అడుగుల ఎత్తు మించరాదు. నమోదు అవసరమైన విమానాలు తమ ఉనికిని రేడియో ద్వారా ప్రసారం చేయాలనే నియమం 2023 సెప్టెంబరు 16 నుండి వినోద విమానాలకు వర్తించింది. ప్రభుత్వం గుర్తించిన మైదానాలలో ఈ పరికరం లేకుండానే ఎగురవేయవచ్చు. కనుక మైదానం నిలుపుకోవడం సంఘాలకు మునుపటికంటె ముఖ్యమైనది. శబ్దం గురించి చుట్టుప్రక్కలవారికి అభ్యంతరాలు కలిగే చోట, వారిని కూడా పిక్నిక్‌కు ఆహ్వానించడం పరస్పర పరిచయానికి మార్గమవుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో నేషనల్ కాడెట్ కోర్ వైమానిక విభాగం విద్యార్థులకు నమూనా విమాన నిర్మాణాన్ని నేర్పుతున్నది. అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో ఈ అంశంలో పోటీలు జరుగుతాయి. తెలుగు రాష్ట్రాల కాడెట్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉమ్మడి డైరెక్టరేట్ తరఫున పాల్గొంటారు. ఇవి క్రమశిక్షణతో కూడిన శిబిర పోటీలు, కుటుంబ వేడుకలు కావు. 2021 డ్రోన్ నియమావళి, 25 కిలోలు మించక విద్య, పరిశోధన, వినోదాల కొరకు కనుచూపు మేరలో నడిపే నమూనా విమానాలను ప్రత్యేకంగా నిర్వచించింది.