ముందు పుట్టిన గిటారు, వెనకబడిన పెట్టె

విద్యుత్ బేస్ గిటారు చరిత్ర రాసినవారిలో ఎక్కువమంది దానిని నమూనాల వరుసగానే రాశారు. ఏ కంపెనీ ఏ సంవత్సరంలో ఏ ఆకారంలో దానిని తయారుచేసిందన్నదే వారికి ప్రధానమయింది. కచేరీలు చేసి బతికే వాద్యకారుడి వైపు నుంచి చూస్తే అది సగం కథే, ఎందుకంటే ఆ గిటారుకు సభ చివరివరకు వినిపించే సొంత గొంతు లేదు. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్, ఆ సంకేతానికి బలమిచ్చే యాంప్లిఫయర్, దానిని తిరిగి గాలిలో కదలికగా మార్చే స్పీకర్ పెట్టె కలిసినప్పుడే అది వాద్యమవుతుంది. వీటిలో గిటారు 1951 నాటికే దాదాపు ఇప్పటి రూపానికి చేరుకోగా, దానిని పెద్ద సభలో వినిపించగల యాంప్లిఫయరు, పెట్టె రావడానికి మరో పద్దెనిమిదేళ్లు పట్టింది. అంత బలమున్న యాంప్లిఫయరును ఒక్క మనిషి ఒంటి చేత్తో పట్టుకుపోగలిగే రోజు రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్లకు పైగా గడిచాయి. ఏ బేస్ కొనాలి, ఏ యాంప్ కొనాలి అని ఇప్పటి కుర్రకారు వేసే ప్రశ్నలు చాలావరకు ఈ ఎడం వల్ల పుట్టినవే.

అమెరికా నృత్యశాలల్లో వాయించే బృందాలలో మంద్రస్థాయి భారమంతా డబుల్ బేస్ మోసేది. అది వయొలిన్ కుటుంబానికి చెందిన, నిలువున ఆరడుగుల దాకా ఉండే వాద్యం. 1930లు, 40లలో ఇత్తడి ఊదుడు వాద్యాలు, డ్రమ్ములు, అప్పుడప్పుడే వస్తున్న విద్యుత్ గిటార్ల మధ్య దాని నాదం మునిగిపోయేది; పైగా ఊరూరా తిరిగే బృందాలకు దానిని కారులో పట్టించడమే ఒక ప్రయాస. సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే సంగీతోపాధ్యాయుడు 1936 ప్రాంతంలోనే, గిటారులా అడ్డంగా పట్టుకుని వాయించే, మెట్లున్న విద్యుత్ బేస్‌ను ఆడియోవాక్స్ పేరుతో తయారుచేసి, దానికి తగిన యాంప్లిఫయరును కూడా అమ్మకానికి పెట్టాడు. అది ఆ ప్రాంతం దాటి పెద్దగా పోలేదు. మరోవైపు ఎవరెట్ హల్ అనే డబుల్ బేస్ వాద్యకారుడు 1940ల రెండో సగంలో, ఆ వాద్యం నేలమీద ఆనే కాలి మొనలో మైకును అమర్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చి ఆంపెగ్ కంపెనీకి పునాది వేశాడు. అంటే ఒకరు వాద్యాన్నే మార్చబోగా, మరొకరు వాద్యాన్ని ముట్టుకోకుండా ధ్వనిని మాత్రమే పెంచబోయారు. తరవాతి చరిత్రలో ఈ రెండు దారులూ కలిశాయి.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేస్తూ గిటార్ల తయారీలోకి వచ్చిన లియో ఫెండర్ 1951 చివరలో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్‌తో మొదటి దారి స్థిరపడింది. వీణకు ఉన్నట్టే దీనికి మెడ పొడవునా లోహపు మెట్లున్నాయి కాబట్టి, మెట్టు మీద తీగను నొక్కితే స్వరం ఖచ్చితంగా పలుకుతుంది. డబుల్ బేస్ మీద ఏళ్ల సాధనతో గాని కుదరని ఆ ఖచ్చితత్వం గిటారు వాయించేవాడికి ఒక్కరోజులో చేతికందింది. తీగలో మోగే భాగం పొడవును, అంటే మెడ పైకొసన ఉన్న ఆనుపు నుంచి కింది వంతెన దాకా ఉండే దూరాన్ని, ఫెండర్ 34 అంగుళాలుగా నిర్ణయించాడు. డెబ్బై ఏళ్లు దాటినా ఎక్కువ కంపెనీలు ఆ కొలతనే పాటించడం చూస్తే, ఆయన అంచనా ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. లయొనెల్ హాంప్టన్ బృందంలో రాయ్ జాన్సన్, ఆ వెనక మాంక్ మాంట్‌గొమరీ 1950ల తొలినాళ్లలోనే దీనిని జాజ్ వేదికల మీదికి తీసుకువెళ్లారు. 1957లో పికప్‌ను రెండు ముక్కలుగా విడదీసి, రెండింటి తీగచుట్టలను ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కలపడంతో కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే రొద కూడా పోయింది. ఇవాళ దుకాణంలో దొరికే ప్రెసిషన్ బేస్ ముఖ్యాంశాలలో ఆ 1957 నమూనాయే.

పెట్టె మాత్రం అంత సులువుగా లొంగలేదు, దానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైమాట. అంత పొడవైన తరంగాన్ని పుట్టించాలంటే స్పీకర్ కాగితపు గరాటు చాలా గాలిని ముందుకీ వెనక్కీ నెట్టాలి. దానికి తోడు, మనిషి చెవి మంద్రస్వరాలను మధ్యస్థాయి స్వరాలంత తేలికగా పట్టుకోదని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి పక్కనున్న గిటారుతో సమానంగా వినిపించడానికి బేస్‌కు అంతకు ఎన్నోరెట్లు విద్యుత్ శక్తి కావాలి. పదిహేను అంగుళాల ఒక్క స్పీకరుతో 1952లో వచ్చిన ఫెండర్ బాస్‌మన్ యాంప్ శక్తి ముప్ఫై వాట్లు కూడా లేదు. 1950ల మధ్యలో దానికి పది అంగుళాల స్పీకర్లు నాలుగు అమర్చి, శక్తిని నలభై వాట్లకు చేర్చినా, ఆ పెట్టె వెనక భాగం తెరిచే ఉండేది. స్పీకరు వెనక నుంచి వచ్చే తరంగం చుట్టూ తిరిగి ముందు తరంగాన్ని కలిసినప్పుడు, మంద్రస్వరాల దగ్గర రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బేస్ కోసం చేసిన పెట్టెకు అంతకన్నా పెద్ద లోపం ఉండదు.

చరిత్రలోని చమత్కారమేమంటే, బేస్‌కు చాలని ఆ బాస్‌మన్ మామూలు విద్యుత్ గిటారుకు అద్భుతంగా అమరింది. శక్తి చాలక వాల్వులు మొరాయించినప్పుడు పుట్టే గరగర ధ్వని గిటారు వాద్యకారులకు వరమయింది. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, ఆయన సహచరులు 1962–63లో తమ మొదటి యాంప్లిఫయరును తయారుచేసినప్పుడు ముందు పెట్టుకున్న నమూనా ఈ బాస్‌మనే. రాక్ సంగీతపు గిటారు ధ్వనికి మూలపురుషుడు ఒక విఫలమైన బేస్ యాంప్లిఫయరు అనడం అతిశయోక్తి కాదు.

ఆ కాలంలో వేదికల మీది వాద్యకారులు దొరికినదానితో సర్దుకున్నారు, దొరకనిదానిని చేయించుకున్నారు. బీటిల్స్ బృందానికి చెందిన పాల్ మెకార్ట్‌నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్, వయొలిన్ ఆకారంలో లోపల డొల్లగా ఉండే తేలికైన గిటారు. రెండు వైపులా ఒకే ఆకారం ఉండడం వల్ల ఎడమచేతి వాటం వాడైన ఆయన చేతిలో అది తలకిందులుగా కనిపించదు, ధర కూడా అమెరికా గిటార్లతో పోలిస్తే చాలా తక్కువ. దానిని వినిపించడానికి లివర్‌పూల్‌లో ఏడ్రియన్ బార్బర్ పదిహేను అంగుళాల స్పీకరుతో కట్టిచ్చిన నిలువెత్తు పెట్టెను చూసి అందరూ దానికి ‘శవపేటిక’ అని పేరుపెట్టారు. ఆ పేరులో హాస్యం ఎంత ఉన్నా పనితనానికి లోటులేదు, ఎందుకంటే మూసివున్న పెద్ద పెట్టె, పెద్ద స్పీకరు అనే రెండు సూత్రాలూ అందులో సరిగ్గానే ఉన్నాయి. 1972లో దొంగతనానికి గురైన ఆ 1961 నాటి గిటారు, యాభై ఏళ్లు దాటాక మళ్లీ ఆయన చేతికి చేరిందని 2024లో ప్రకటించారు.

వెనక మూసిన పెట్టెను బజారులోకి తెచ్చినవాటిలో ఆంపెగ్ కంపెనీ 1960లో విడుదల చేసిన బి-15 పోర్టాఫ్లెక్స్ ముఖ్యమైనది. జెస్ ఆలివర్ రూపకల్పన చేసిన ఈ పెట్టెలో వాల్వుల యాంప్లిఫయరు మూతకు బిగించి ఉంటుంది. వాయించేటప్పుడు మూతను తిరగేస్తే యాంప్ పైకి వస్తుంది, ప్రయాణంలో లోపలికి పోయి భద్రంగా ఉంటుంది. శక్తి ఇరవై అయిదు వాట్లే అయినా చిన్న క్లబ్బులో, రికార్డింగ్ గదిలో దాని గుండ్రని నాదానికి సాటి వచ్చేది అప్పట్లో లేదు, ఇప్పటికీ దానిని పోలిన నాదం కోసం కంపెనీలు పోటీపడుతున్నాయి. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బు కచేరీలకు బి-15 వాడేవాడు; స్టూడియోలో మాత్రం ఆయన గిటారు సంకేతం స్పీకరు ప్రమేయం లేకుండా నేరుగా రికార్డింగ్ బల్లకు పోయేది. ఈ పద్ధతినే ఇప్పుడు డీఐ అంటారు. ఆయన చేతిలోది 1962 నాటి ప్రెసిషన్ బేస్. దాని మీద పైపొర నున్నగా ఉండే లావుపాటి తీగలు బిగించి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఖరీదైన పరికరాల పట్టికలు తిరగేసేవారు గమనించవలసిన విషయం ఇది: ఆ నాదంలో తీగలకూ వేలికీ ఉన్న వాటా చెక్కకున్న వాటాకన్నా ఎక్కువ.

1960లోనే ఫెండర్ జాజ్ బేస్‌ను తెచ్చాడు, అప్పటినుంచి బేస్ కొనేవారందరి ముందూ నిలిచే మొదటి ఎంపిక ఈ రెండింటి మధ్యనే. ప్రెసిషన్ మెడ వెడల్పుగా, చేతినిండా ఉంటుంది, దాని ఒక్క పికప్ తీగ నడుమకు దగ్గరగా ఉండడం వల్ల నాదం బరువుగా, ఒకే ముద్దలా వస్తుంది. జాజ్ బేస్ మెడ పైకొసన సుమారు 38 మిల్లీమీటర్లకు సన్నబడుతుంది, దాని రెండు పికప్‌లలో ఒకటి వంతెనకు దగ్గరగా ఉండి తీగలోని అనుస్వరాలను, అంటే మూలస్వరంతో పాటు మోగే దాని గుణిజాలను, ఎక్కువగా పట్టుకుంటుంది. జాకో పాస్టోరియస్ ఒక 1962 నాటి జాజ్ బేస్ మెట్లు తీసేసి, మెడకు గట్టి రెసిన్ పూత పూసి, వంతెన దగ్గరి పికప్‌తో దానిని పాడించాడు. గమకానికి అలవాటుపడిన తెలుగు చెవికి ఆ మెట్లులేని బేస్ చప్పున దగ్గరవుతుంది. గోలగా ఉండే బృందంలో, అంతగా తెలియని వేదిక మీద నమ్ముకోదగినది మాత్రం ప్రెసిషనే అని చెప్పాలి, ఎందుకంటే జాజ్ బేస్‌లో ఒంటరిగా విన్నప్పుడు ముచ్చటగొలిపే సూక్ష్మాలను గిటార్లూ తాళాలూ ముందుగా మింగేస్తాయి.

1966లో ఇంగ్లండ్‌లోని రోటోసౌండ్ కంపెనీ, ద హూ బృందానికి చెందిన జాన్ ఎంట్‌విసిల్‌తో కలిసి, గుండ్రటి తీగ చుట్టిన గరుకు తీగలను రూపొందించడంతో బేస్ నాదానికి పియానో వంటి లోహపు మెరుపు వచ్చింది. అదే సమయంలో సభలు క్లబ్బులను దాటి క్రీడామైదానాలకు పెరిగాయి, ఇరవై అయిదు వాట్లు అక్కడ ఏ మూలకూ రావు. ఈ అవసరానికి ఆంపెగ్ 1969లో ఇచ్చిన జవాబు ఎస్‌వీటీ: వాల్వులతో 300 వాట్లు, పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న మూసిన పెట్టెలు. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా యాత్రలో దాని తొలి ప్రతులు మోగాయి. విచిత్రమేమంటే ఈ మహాపెట్టె 41 కంపనాల మూలస్వరాన్ని పూర్తి బలంతో ఇవ్వదు. దాని రెట్టింపైన 82 దగ్గర ఉండే అనుస్వరాన్ని బలంగా ఇస్తుంది, మూలస్వరాన్ని శ్రోత మెదడు తనంతట తానే పూరించుకుంటుంది. ఎంత కిందికి దిగుతుందన్న సంఖ్యను బట్టి పెట్టెలను పోల్చడం ఎందుకు సరికాదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. బరువు సంగతికొస్తే, ఇప్పుడు అదే తరహాలో దొరికే యాంప్ ఒక్కటే సుమారు 36 కిలోలు, పెట్టె 60 కిలోల పైచిలుకు. సొంత లారీ, మోతగాళ్లు ఉన్న బృందాలకు తప్ప మిగతావారికి అది ఆస్తి కాదు, శిక్ష.

1970లలో గిటారు మళ్లీ ముందుకు జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు అలెంబిక్ సంస్థ, ఆ వెనక 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే, గిటారు లోపలే బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయరును పెట్టి, మంద్ర తార స్థాయిలను గిటారు మీదనే పెంచుకునే వీలు కల్పించాయి. దీనినే యాక్టివ్ బేస్ అంటారు. పొడవాటి వైరులో కూడా సంకేతం నీరసించదన్నది దాని గుణం, కచేరీ మధ్యలో బ్యాటరీ అయిపోతే చాలా నమూనాలు మూగబోతాయన్నది దాని దోషం.

తెలుగు శ్రోతలకు ఈ వాద్యం ఎక్కువగా పరిచయమైంది మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన సినిమా పాటల ద్వారానే. ముఖ్యంగా ఇళయరాజా పాటల్లో బేస్ కేవలం తాళానికి కింద పరిచిన చాపలా కాక, పాటతో సమాంతరంగా నడిచే రెండో వరుసగా వినిపిస్తుంది. అవే పాటలను పెళ్లి పందిళ్లలో, ఉత్సవ వేదికలపై వాయించే ఆర్కెస్ట్రాలలో మాత్రం ఆ వరుస తరచుగా కీబోర్డు ఎడమచేతికి దిగజారిపోతుంది. వాద్యకారుడు దొరకకపోవడం ఒక కారణమైతే, అతడి వెంట రావలసిన పెట్టె మరో కారణం.

ఆ రెండో కారణం ఈ శతాబ్దంలో చాలావరకు తొలగిపోయింది. శక్తిని వేడిగా వృథా చేయకుండా ట్రాన్సిస్టర్లను అతివేగంగా తెరుస్తూ మూస్తూ పనిచేసే క్లాస్-డి యాంప్లిఫయర్ల వల్ల మూడు కిలోలైనా లేని హెడ్, అంటే స్పీకరు పెట్టె లేని విడి యాంప్, 500 వాట్లు ఇవ్వగలుగుతోంది. నియోడిమియం అయస్కాంతాల వల్ల స్పీకర్లూ తేలికయ్యాయి. అయితే వాట్ల సంఖ్య కొనేవారిని మోసగిస్తుంది. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెళ్లే, చెవికి అది చిన్న తేడా. అంతే శక్తిని మూడు డెసిబెళ్లు ఎక్కువ సమర్థంగా ధ్వనిగా మార్చే పెట్టెను ఎంచుకుంటే 250 వాట్ల యాంప్ 500 వాట్ల యాంప్‌తో సమానమవుతుంది. పైగా కాగితం మీది ఆ శక్తి సాధారణంగా నాలుగు ఓమ్‌ల అవరోధం దగ్గర లెక్కగట్టినది, ఎనిమిది ఓమ్‌ల పెట్టె ఒక్కటే తగిలిస్తే అందులో సగం చిల్లరే బయటికి వస్తుంది, అలాంటివి రెండు కలిపితే అవరోధం నాలుగుకు దిగి పూర్తి శక్తి అందుతుంది. అందుకే చిన్న వేదికకు ఒకటి, పెద్దదానికి రెండు పట్టుకుపోగలిగేలా ఎనిమిది ఓమ్‌ల తేలికపాటి పెట్టెలను ఒకే రకంవి జతగా కొనుక్కోవడం, ఒక్క భారీ పెట్టెకు డబ్బంతా పోయడం కన్నా తెలివైన పని. అయిదు తీగల బేస్ తీసుకునేవారు మరొకటి కూడా చూసుకోవాలి: దాని అయిదో తీగ సెకనుకు 31 కంపనాల దాకా దిగుతుంది, పది అంగుళాల స్పీకరు ఒక్కటే ఉన్న చిన్న పెట్టెలో ఆ స్వరానికి అనుస్వరాలే తప్ప మూలం దాదాపు పలకదు, ధ్వనిని బలవంతంగా పెంచితే స్పీకరు గరాటు హద్దు దాటి కదిలి పాడవుతుంది.