ఫిజీ చెరకు రైతులు, చర్చి, తుపాకి

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది 1930ల చివర్లో. అంతకు మూడు దశాబ్దాల ముందునుంచే తెలుగు కూలీలు ఇంకోచోట తెల్లవాళ్ల మిల్లుల కోసం చెరకు కొడుతున్నారు. 1903లో మద్రాసు రేవు నుంచి కదిలిన తొలి కూలీ ఓడ వాళ్లను పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో దింపింది. ఉత్తరాది కూలీలు 1879 నుంచే అక్కడ ఉన్నారు. 1916 దాకా మొత్తం 60 వేలమందికి పైగా వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందాన్ని వాళ్లు గిర్మిట్ అన్నారు. భూమి స్థానిక ఫిజీ తెగలది, మిల్లులు ఆస్ట్రేలియా కంపెనీవి, ఒళ్లు మాత్రం మనవాళ్లది. ఒప్పందం తీరాక చాలామంది అక్కడే కౌలు రైతులై స్థిరపడ్డారు. ఫిజీలోని తెలుగువాళ్లు 1941లో తమకంటూ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

ఫిజీకి క్రైస్తవాన్ని తెచ్చింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు, 1835లో. మన నిజామాబాద్ జిల్లాకూ ఆ శాఖ మిషనే వచ్చింది. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని ఇసబెల్ కెర్ నడిపింది ఆ మిషన్ తరఫునే. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ దానికి పెద్ద విరాళమిచ్చాడు. ఇక్కడ ఆ మిషన్ ఊరవతలికి నెట్టేసినవాళ్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ మాత్రం మెథడిస్టు చర్చి క్రమంగా స్థానిక ఫిజియన్ల, వాళ్ల తెగ పెద్దల సొంత సంస్థ అయింది. హిందువులుగా, ముస్లింలుగా మిగిలిన కూలీలు దాని గోడ బయటే ఉన్నారు.

ఆ గోడ దాటినవాళ్లు తొలినుంచీ కొందరున్నారు. మెథడిస్టు మిషనరీ జె.డబ్ల్యు. బర్టన్ 1910లో రాసిన పుస్తకం తోటల్లోని కూలీ లైన్ల బతుకును బయటి ప్రపంచం ముందు పెట్టింది. 1915లో గాంధీజీ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్ తన సహచరుడు పియర్సన్‌తో కలిసి ఫిజీ వెళ్లి, చూసిందంతా నివేదికగా రాశాడు. మన దేశంలో ఆగ్రహం రేగింది. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

అసలు పరీక్ష 1987లో వచ్చింది. ఏప్రిల్ ఎన్నికల్లో తిమోసి బవద్రా నాయకత్వంలో, భారతీయుల మద్దతున్న కూటమి గెలిచింది. బవద్రా స్వయానా స్థానిక ఫిజియనే. అయినా నెల దాటగానే, మే 14న, లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రబుకా సాయుధ సైనికులతో పార్లమెంటులోకి జొరబడి ప్రభుత్వాన్ని కూల్చాడు. అంతకు 108 ఏళ్ల ముందు తొలి గిర్మిట్ ఓడ ఫిజీ చేరింది సరిగ్గా ఆ తేదీనే. సెప్టెంబరులో రెండోసారీ తిరగబడి, అక్టోబరులో దేశాన్ని రిపబ్లిక్‌గా ప్రకటించాడు.

రబుకా మెథడిస్టు చర్చిలో ప్రసంగాలు చేసేవాడు, తాను చేసింది దేవుడు అప్పగించిన పని అని నమ్మాడు. ఆదివారం వ్యాపారాలు, ఆటలు నిషేధిస్తూ ఆజ్ఞ వచ్చింది. కుట్రకు నిరసనగా చెరకు రైతులు కోత ఆపారు. అదునులో కొట్టని చెరకు రైతును ఏం చేస్తుందో బోధన్, వర్ని ప్రాంతాల్లో ఎవరినడిగినా చెబుతారు. సంవత్సరం కష్టాన్ని పొలంలో నిలబెట్టడం ఆ రైతుల చేతిలో ఉన్న ఒక్కగానొక్క ఆయుధం.

చర్చి అప్పుడు నిలువునా చీలింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ ఘట్టమే. మెథడిస్టు సభ అధ్యక్షుడు జొసతేకి కొరోయ్ ఆ కుట్రను సమర్థించలేదు. కార్యదర్శి మనాసా లసారో సైన్యం వైపు నిలిచాడు. ఆదివారం నిషేధాన్ని సడలిస్తే ఊరుకోమంటూ 1988 డిసెంబరులో లసారో వర్గం రోడ్లు దిగ్బంధించింది. ఆ తరవాత కొరోయ్‌ని పదవినుంచి తోసేసింది. 1989 అక్టోబరులో మెథడిస్టు యువకులు కొందరు లౌతోకాలో హిందూ ఆలయాలకు, మసీదుకు, గురుద్వారాకు నిప్పు పెట్టారు. లౌతోకా అంటే దేశంలో పెద్ద చక్కెర మిల్లు ఉన్న ఊరు. తరవాతి ఏడు, స్థానికేతరులను ప్రధాని పదవికి దూరం చేసిన కొత్త రాజ్యాంగం ప్రతిని తగలబెట్టినందుకు విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అనిరుధ్ సింగ్‌ను సైనికులు ఎత్తుకుపోయి హింసించారు.

ఈ చీకట్లోనే ఇంకో పని సాగింది. 1987లోనే క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునే ఇంటర్‌ఫెయిత్ సెర్చ్ అనే వేదిక పుట్టింది. దాని వెనక ఉన్న పౌలా నియుకులా మెథడిస్టు సభకు మాజీ అధ్యక్షుడు. భూమి, చర్చి, అధికారం మూడూ ముడిపడిపోయిన తన సమాజాన్ని లోపలినుంచే ప్రశ్నించాడు. చర్చిల మండలి పరిశోధన బృందంగా మొదలై ఎక్రియాగా మారిన సంస్థలో కెవిన్ బార్ అనే కాథలిక్ ఫాదర్ పేదల తరఫున ఏళ్లతరబడి రాశాడు, మాట్లాడాడు. సంఖ్యలో వీళ్లు కొద్దిమందే. సొంత మందిరంలో, సొంతవాళ్ల మధ్య నిలబడి కాదనడం వల్ల నా దృష్టిలో వీళ్ల మాటకు బయటి ఖండనలన్నిటికన్నా బరువెక్కువ.

2000లో మూడో కుట్ర. మే 19 నుంచి జార్జ్ స్పైట్ ముఠా తొలి భారతీయ సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని 56 రోజులు బందీగా ఉంచింది. మువనివేని గ్రామంలో దాడులకు గురైన రైతు కుటుంబాలు లౌతోకాలోని గిర్మిట్ కేంద్రంలో శరణార్థులయ్యాయి. 2006లో నాలుగో కుట్ర. ఈసారి మెథడిస్టు చర్చి సైన్యానికి ఎదురు తిరిగితే, సైన్యం దాని వార్షిక మహాసభలనే కొన్నేళ్లు నిషేధించింది. తాను ఒకనాడు మెచ్చుకున్న తుపాకి తనవైపే తిరిగింది.

ఈలోగా భారతీయులు దేశం వదిలిపోతూ వచ్చారు. 1986లో జనాభాలో దాదాపు సగమున్న భారతీయ సంతతి 2007కి 37 శాతానికి పడిపోయింది. కౌలు గడువులు తీరి పొలాలు పోయినవాళ్లు, భయంతో ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు వెళ్లినవాళ్లు ఇందులో ఉన్నారు.

2023 మే 14న రాజధాని సువాలో జరిగిన ఆరాధనలో మెథడిస్టు చర్చి భారతీయ సంతతిని బహిరంగంగా క్షమాపణ కోరింది. అప్పటికి ఎన్నికల ద్వారా ప్రధాని అయిన రబుకా కూడా కోరాడు. 36 ఏళ్లు పట్టింది. ఆలస్యమైందని ఆ క్షమాపణను చిన్నబుచ్చను. కానీ దాన్ని సాధ్యం చేసింది 1987లోనే కాదన్న ఆ కొద్దిమంది.

ఈ చరిత్రలో మనవాళ్ల వాటా తెలుగులో రాయాల్సినంత రాయలేదు. తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది డిచ్‌పల్లిలోనే, వెస్లియన్ల ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే. అక్కడి విద్యార్థులు ఫిజీ తెలుగు కుటుంబాల జ్ఞాపకాలను, ఆ దేశపు చర్చిల రికార్డులను సేకరించే పని తలకెత్తుకోవాలి. 1987ను కళ్లారా చూసిన తరం వృద్ధాప్యంలోకి వచ్చేసింది, ఇంకా ఆలస్యం చేయొద్దు.