విమానచోదకుని దుస్తులు

విమానచోదకుని ఉద్యోగమునకై ఇంటర్వ్యూకు పోవు అభ్యర్థి నేడు సాధారణముగా ముదురు నీలిరంగు సూటు, తెల్లచొక్కా, టై, మెరుగుపెట్టిన నల్లబూట్లు ధరించును. గుమాస్తా ఉద్యోగమునకు కూడ ఇట్లే పోవువారు కలరు గదా అని ఎవరైన అనవచ్చును. కాని ఇచ్చట ఆ నీలిరంగునకు ఒక చరిత్ర కలదు.

తొలి విమానములలో చోదకుడు కూర్చుండు చోటికి కప్పు లేదు. పైకి పోయిన కొలది, కిలోమీటరు ఒక్కింటికి సుమారు 6.5 సెంటీగ్రేడు డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గును. నేలపై 20 డిగ్రీలున్న దినమున 3 కిలోమీటర్ల ఎత్తున ఇంచుమించు నీరు గడ్డకట్టునంత చలి యుండును. దానికి తోడు ఎదురుగాలి. శరీరము నంటియుండు వెచ్చని గాలిపొరను అది క్షణక్షణము ఊడ్చివేయుచుండును. ఉన్నిబట్ట ఎంత మందమైనను దాని సందులగుండ గాలి దూరును, తోలుగుండ దూరదు. కావుననే తోలుకోటు, తోలుటోపీ, కళ్ళకు పెద్ద అద్దములు వాడుకలోనికి వచ్చెను. మెడకు చుట్టుకొను పట్టుగుడ్డయు విలాసమునకు కాదు. నలుదిక్కులు చూచుటకై మాటిమాటికి తల త్రిప్పునపుడు మెడ ఒరసికొనిపోకుండ అది కాపాడెడిది. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానములు అనేకములందు సిలిండర్లు సైతము గిరగిర తిరుగు ఇంజన్లుండెడివి. వాటికి కందెన మన ఆముదమే! అది పెట్రోలులో సులభముగ కలిసిపోదు. ఇంజను వెలిగ్రక్కిన ఆముదము ముఖముపై చిందినపుడు, అద్దములు తుడుచుకొనుటకు ఆ పట్టుగుడ్డయే దిక్కు.

1920-30 మధ్య, చోదకుని గదిని మూసివేసిన ప్రయాణికుల విమానములు వచ్చెను. తోలుకోటుతో పని తీరెను. అయితే విమానసంస్థలకు మరియొక చిక్కు మిగిలెను. జనులకు విమానమనిన భయము. తోలుకోటును చూచినంతనే వారికి, సంతలలో ప్రాణములకు తెగించి ఆకాశమున పిల్లిమొగ్గలు వేయు సాహసికుడు జ్ఞప్తికి వచ్చెడివాడు. అట్టివానిని చూచి సంతోషింతురు గాని, అతని వెంట భార్యాబిడ్డలతో సముద్రము దాటుదురా?

అమెరికాలో 1927లో స్థాపింపబడిన పాన్ అమెరికన్ సంస్థ దీనికి ఉపాయము కనుగొనెను. నీటిపై వాలు పెద్ద విమానములను 1931లో ప్రవేశపెట్టి, వాటికి పూర్వపు తెరచాప ఓడల పేరగు ‘క్లిప్పర్’ అను నామమునిచ్చెను. చోదకుడు ‘కెప్టెన్’ అయ్యెను. అతనికి ఓడల అధికారులవలె ముదురు నీలపు కోటు, ముందు అంచు గల టోపీ అమరెను. ఓడను నమ్మినవారు విమానమును నమ్మవలెననుటయే దీని ఉద్దేశము. ఇతర సంస్థలును ఆ బాటనే నడిచెను. చేతి అంచున జలతారు పట్టీలు కెప్టెనుకు నాలుగు, అతని సహాయకునకు సాధారణముగా మూడు అను వాడుక స్థిరపడెను.

ఓడ కెప్టెను అనగా అందరి మనస్సున మెదలునది పురుషుడే. ఈ అరువు దుస్తులతో ఆ భావమును అరువు వచ్చెను. 1934 చివర హెలెన్ రిచీ అను వనిత అమెరికాలో సెంట్రల్ ఎయిర్‌లైన్సున చోదకురాలుగా చేరగా, చోదకుల సంఘము ఆమెకు సభ్యత్వము నిరాకరించెను. మరుసటి సంవత్సరమే ఆమె వైదొలగెను. లోపము ఆమె నేర్పులో లేదు. భారతదేశమున ప్రేమ్ మాథుర్‌ను పలు సంస్థలు కాదనిన పిమ్మట, 1947లో హైదరాబాదు నందలి దక్కన్ ఎయిర్‌వేస్ సహచోదకురాలుగా చేర్చుకొనెను.

నేడు భారతదేశపు చోదకులలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. వారును ఇంటర్వ్యూకు ఆ ముదురురంగు కోటుతోనే పోవుచున్నారు. జలతారు పట్టీలు మాత్రము అపుడు ఉండవు. అవి ఉద్యోగము దొరకిన తరువాతివి.